లోపలి మెట్టు

మా అన్న కొడుకు నాకు ఫోన్ చేసేది రెండు సందర్భాల్లోనే. ఒకటి పండక్కి, రెండోది వాడికి పని పడ్డప్పుడు. మొన్న ఫోన్ మోగిన రోజు పండగేమీ లేదు.

“అత్తా, మన బజారు బిల్డింగ్ హిస్టరీ రెండు ముక్కలు చెప్పు. కొట్టు మొత్తం మార్చి సెల్‌ఫోన్ల షోరూమ్ చేస్తా ఉండాం. గోడకు ఫ్రేమ్ కట్టించి పెడతాం. ఇప్పుడు పాతదంటే జనానికి మోజు గదా” అన్నాడు.

రెండు ముక్కలట! మా తాత ఆఖరి శ్వాస దాకా కూర్చున్న కొట్టు, మా నాన్న నడుము వంగిపోయిన కొట్టు, వీడికి రెండు ముక్కల్లో కావాలి.

“ఏం చెప్పమంటావురా?”

“ఎవురు కట్టినారు, ఏ స్టైలు, అంతే. అది డచ్చివాళ్ల గిడ్డంగి అని బజార్లో అంటా ఉండారు. అదే రాసేయనా?”

నాకు ఒళ్లు మండింది. డచ్చివాళ్లకు గిడ్డంగి కావాలంటే రేవులో కట్టుకుంటారు గానీ, ఓడ దిగి, ఎండన పడి ఇంత దూరం వచ్చి, నెల్లూరు బజారులో ఇత్తడి బిందెల కొట్టుకూ అత్తరు కొట్టుకూ మధ్యన కట్టుకుంటారా? ఈ మధ్య ఆ వీధిలో ప్రతి గోడకూ ఇలాంటి కథ ఒకటి పుట్టింది. ఇత్తడి బిందెల కొట్టు నవాబుగారి ఖజానా అట. మూల మీది ఉప్పు కొట్టు తెల్లదొరల క్లబ్బు అట. ఆ ఉప్పు కొట్టు ముందు ఎండుచేపల బుట్టలు దించుతుంటే ముక్కు మూసుకుని పరిగెత్తినదాన్ని నేను. క్లబ్బట, క్లబ్బు!

“ఒరేయ్, అది కట్టింది ఒక ధాన్యం వర్తకుడు. సున్నంలో బెల్లమూ కరక్కాయ నీళ్లూ కలిపి, గానుగ ఆడించి...” అని మొదలుపెట్టాను.

“అత్తా, వేరే కాల్ వస్తా ఉంది. ఆఁ, మర్చిపోయినా. గడప దాటంగానే లోపల పనికిమాలిన మెట్టు ఒకటి ఉంది గదా, వచ్చినోళ్లంతా తట్టుకుని పడతా ఉండారు. సోమవారం దాన్ని పగలగొట్టిస్తా ఉండా” అని పెట్టేశాడు.

ఖర్మ. ఆ భవనానికి చరిత్రంటూ ఏదైనా ఉంటే అది ఆ మెట్టే. వాడు వినకపోతే పోయె, మీరైనా వినండి.

మద్రాసు నుంచి విడిపోయామని మా పెద్దవాళ్లు ఇంకా కొత్తగా చెప్పుకుంటున్న రోజులు. ఆ బజారు వీధి ఇప్పుడున్న వెడల్పులో సగం కూడా ఉండేది కాదు. రెండు పక్కలా మేడకొట్లు, పైన కొయ్య కమ్మీల వసారాలు. కొట్టుకు ఇనప షట్టర్లు లేవు. పొడుగాటి చెక్క పలకలుండేవి. పొద్దున్నే ఒక్కో పలకా తీసి గోడకు ఆనిస్తే కొట్టు ముఖమంతా తెరుచుకునేది. రాత్రి మళ్లీ వరస తప్పకుండా గాడిలో దూర్చాలి. ఒక్క పలక వరస తప్పినా ఆఖరిది దూరదు, మళ్లీ అన్నీ పీకాలి. మా గుమాస్తా రోజూ తప్పేవాడు, మా తాత రోజూ తిట్టేవాడు.

కళ్లు మూసుకున్నా ఏ కొట్టు ముందున్నానో నాకు తెలిసిపోయేది. చింతపండు పుల్లటి వాసన, దాని తర్వాత కొత్త ఇత్తడికి తోమిన బూడిద వాసన, తర్వాత మా బట్టల కొట్టు గంజి వాసన, కలరా ఉండల వాసన. మాకు అవతల అత్తరు కొట్టు. ఆ అత్తరు మా తానులకు పట్టుకుంటోందని మా తాత గొణిగేవాడు. మా కలరా ఉండల వాసనకు తన అత్తరు ఎవరూ కొనడం లేదని ఆ అత్తరాయన గొణిగేవాడు.

మా తాత వర్తకుల ఇంట పుట్టలేదు. తోటపల్లి గూడూరు దాపున మడి దున్నుకున్న రైతు. మా పెద్దత్త పెళ్లికి బట్టలు తీసుకుందామని నెల్లూరు వచ్చి, మా కొట్టుకు ఎదురుగా ఉన్న పెద్ద బట్టల కొట్టు మెట్లెక్కాడట. ఆ కొట్టాయన ముందు ఈయన కాళ్లు చూశాడు, ఆ తర్వాత మొహం చూశాడు. “ఆ బురద కాళ్లతో పరుపెక్కబాకయ్యా. ఆడనే నిలబడి చూడు” అన్నాడట. కోపం వస్తే మనుషులు తిడతారు, కొడతారు, అన్నం మానేస్తారు. మా తాత మడి అమ్మి ఆ కొట్టుకు ఎదురుగా కొట్టు పెట్టాడు.

పరుపంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అప్పట్లో బట్టల కొట్లో కుర్చీలుండేవి కావు. నేలంతా పరుపులు పరిచి, వాటి మీద తెల్ల దుప్పట్లు వేసేవాళ్లు. కొనేవాళ్లు కింద కూర్చుంటే ముందర తానులు విప్పి పరిచేవాళ్లు. మా తాత కొట్లో ఎవరైనా ఎలాంటి కాళ్లతోనైనా పరుపెక్కవచ్చు. నాట్లు వేసి తిన్నగా వచ్చినవాళ్లు కూడా దర్జాగా కూర్చునేవాళ్లు. మా అవ్వ వారానికోసారి ఆ దుప్పట్లు ఉతికించలేక మా తాత పౌరుషాన్ని శాపనార్థాలు పెట్టేది.

“మడక పట్టిన చేతిలో గజంబద్ద ఎన్నాళ్లు నిలస్తాదో చూస్తాం గదా” అని బజారంతా నవ్వింది. ఆ నవ్వు మా తాత గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. నష్టం అన్న మాట వింటేనే ఆయనకు వణుకు. అందుకే మా ఇంట్లో పిల్లలం ఒకటీ రెండూ నేర్చుకునేలోపే లాభం, నష్టం నేర్చుకున్నాం. ఎక్కడ మెట్లు కనబడ్డా లెక్కపెట్టాలి. మొదటి మెట్టు లాభం, రెండోది నష్టం, మూడోది లాభం. ఆఖరి మెట్టు లాభం మీద ఆగితే మంచి కొట్టు, నష్టం మీద ఆగితే ఆ గడప తొక్కకూడదు. మా కొట్టు అరుగుకు మూడు రాతి మెట్లుండేవి. ఆ భవనాన్ని మా తాత కొన్నది గోడలు చూసి కాదు, ఆ మెట్లు చూసి.

ఆ అరుగు మీద, ఎడమ పక్క స్తంభం దగ్గర, కుట్టు మిషనుతో ఒక సాయిబు కూర్చునేవాడు. ఆయనకు పేరుండే ఉంటుంది, నేనెప్పుడూ అడగలేదు. నాకు ఆయన మిషను మామ. మా తాత “సాయిబూ” అనేవాడు, ఆయన మా తాతను “పెద్దాయనా” అనేవాడు. సన్నటి మనిషి. మెడలో కొలత టేపు, చెవి మీద సుద్దముక్క. కొట్టు తెరిచిన మొదటి రోజు నుంచీ ఆ అరుగు మీదే ఉన్నాడట.

ఆ రోజుల్లో ఆడవాళ్లు రవికె గుడ్డ కొనేది తాను చూసి కాదు, అరుగు మీద ఎవరు కుడుతున్నారో చూసి. మా మిషను మామ కుట్టిన రవికె భుజం జారదని పేరు. ఆ పేరు కోసం నాయుడుపేట నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. మా తాతకు అది తెలుసు. తెలిసినా ఒప్పుకునేవాడు కాదు. “నా గుడ్డ మంచిది గనక ఆ కుట్టు నిలస్తా ఉండాది” అనేవాడు.

బడి లేని రోజుల్లో కొట్టుకు మధ్యాహ్నం క్యారేజీ మోసుకెళ్లే పని నాది. చేపల పులుసు ఉన్న రోజు సందు మలుపులో ఆగి, గిన్నె మూత తీసి, అందులో మామిడి ముక్క ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. పులుసు తాగిన మామిడి ముక్క ముందు చేప ముక్క బలాదూర్! మా తాత రోజూ గిన్నె కదిలించి చూసి, “మీ అవ్వకు ముసలితనం వచ్చినాది. పులుసులో మామిడికాయ వెయ్యడం మర్చిపోతా ఉండాది” అనేవాడు. మిషను మామ తల వంచుకుని నవ్వేవాడు. నా పెదాల చుట్టూ ఎర్రటి మరకలు ఆయనకు కనబడేవి మరి.

ఇద్దరూ ఒకే వేళకు తినేవాళ్లు. మా తాత గడప లోపల, మామ గడప బయట. క్యారేజీలో మామ కోసం వేరే గిన్నె ఉండేది, దాన్ని గడప మీదుగా నేను అందించాలి. రంజానుకు ఆయన ఇంటి నుంచి సేమియా పాయసం వచ్చేది, అది ఇటు పక్కకు అందించాలి. బురద కాళ్ల రైతు పరుపు మీద కూర్చునేవాడు గానీ, మామ గడప దాటేవాడు కాదు. “మిషను నూనె ఒక్క చుక్క పడితే తాను మొత్తం పాడు. కొట్టు కొట్టే, మిషను మిషనే” అని మా తాత ఎప్పుడో తొలి రోజుల్లో అన్నాడట. అంతే, ఆ మాట శిలాశాసనం అయిపోయింది. మార్చమని ఆయనా అడగలేదు, మార్చాలని ఈయనకూ తోచలేదు.

ఇంతలో వీధి వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ వాళ్లు దండోరా వేశారు. కాలవ దాటి ముందుకొచ్చిన అరుగులన్నీ తీసేయాలి. ఇక చూడాలి బజారు వాళ్ల తెలివి! ముందు ఎదుటివాడు తీస్తే నేను తీస్తానని ప్రతివాడూ అన్నాడు. అందరూ కలిసి అర్జీ పెడదామన్నారు. అర్జీలో ఎవరి సంతకం ముందుండాలని కొట్లాడుకున్నారు. ఆ కొట్లాట తేలేలోపు గడ్డపారలు వచ్చేశాయి. ఒక్క పొద్దున్నే వీధి పొడుగునా అరుగులు కూలిపోయాయి. కొట్లన్నీ పళ్లు రాలిన నోళ్లలా నిలబడ్డాయి. మా అరుగు కడప రాళ్లు మాత్రం పగలకుండా ఊడదీయించి, మా తాత పెరట్లో పేర్పించాడు. రైతు కదా, రాయి కూడా పారేయడు.

అరుగు పోయింది గనక వీధి నుంచి తిన్నగా కొట్లోకి ఎక్కాలి. వీధికి కంకర పోసి ఎత్తు చేశారు. గోడకూ కాలవకూ మధ్య మిగిలిన చోట్లో మేస్త్రీ చక్కగా మెట్లు కట్టాడు. మా తాత కొబ్బరికాయ కొట్టబోతున్నాడు. చుట్టూ పది మంది చేరారు. నేను క్యారేజీ పట్టుకుని, అలవాటు కొద్దీ గట్టిగా అనుకుంటూ ఎక్కాను.

“లాభం... నష్టం.”

మూడో మెట్టు లేదు. ఎదురుగా గడప.

మా తాత చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది. ఎదురు కొట్టాయన అవతలి నుంచి పకపకా నవ్వాడు. “పాప లెక్క సరిగ్గానే చెప్పినాది!” అన్నాడు. ఇక చూసుకోండి, తప్పంతా నాదే అయింది. మేస్త్రీ కట్టిన మెట్లకు నేను బాధ్యురాలినట. నోరు మూసుకుని ఎక్కి ఉంటే ఏ నష్టమూ ఉండేది కాదట! లెక్కపెట్టడం నేర్పిందెవరు? ఇప్పటికీ తలుచుకుంటే నాకు మంటే.

మర్నాడే మా తాత ముందుకు మూడో మెట్టు కట్టించాడు. అది వీధిలోకి వచ్చింది, మునిసిపాలిటీ వాళ్లు పగలగొట్టారు. మళ్లీ కట్టించాడు. ఈసారి వాళ్లు రాకముందే వడ్ల బండి చక్రం ఎక్కి దాన్ని పిండి చేసింది. కొట్టు నేలనే మూడో మెట్టుగా లెక్కేసుకోమని అత్తరాయన సలహా ఇచ్చాడు. “నేల నేలే, మెట్టు మెట్టే” అన్నాడు మా తాత. అలాగైతే రెండూ తీసేసి ఒకటే ఎత్తు మెట్టు పెట్టు, లాభంతోనే సరిపోతుందని గుమాస్తా అన్నాడు. పెట్టించాడు! దాని మీదికి కాలు సాచాలంటే ఒంటె అయి పుట్టాలి. ఒక పెద్దావిడ ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి అలాగే ఆగిపోయింది. మా తాతా గుమాస్తా చెరో చెయ్యీ పట్టి లాగారు. ఆమె పైకొచ్చి, నడుం పట్టుకుని, గుడ్డ ముట్టుకోకుండా నోటికొచ్చినట్టు తిట్టి పోయింది. మళ్లీ రెండు మెట్లే వచ్చాయి.

ఈ మెట్ల గోలలో మిషను మామ సంగతి ఎవరికీ పట్టలేదు. అరుగు పోతే ఆయన చోటు పోయింది. కొన్నాళ్లు ఉప్పు కొట్టు పక్క సందులో గోనెపట్టా కట్టుకుని కూర్చున్నాడు. ఎండ తిరిగితే మిషను జరుపుకునేవాడు, వాన వస్తే గుడ్డలు ఒళ్లో కప్పుకునేవాడు. ఆ ఎండుచేపల వాసనలో ఆడవాళ్లు నిలబడలేకపోయారు. మామ దగ్గరికి బేరం రాలేదు, మా కొట్లో రవికె గుడ్డ కదల్లేదు.

నేను గిన్నె పట్టుకుని సందులోకి పోతే ఆయన “వొద్దు పాపా, ఆకలి లేదు” అనేవాడు. గిన్నె వెనక్కి తెచ్చేదాన్ని. నిండు గిన్నె చూసి మా తాత కూడా సగంలో చెయ్యి కడిగేసుకునేవాడు. ఆ పులుసులో మామిడి ముక్క ఉన్నా నాకూ తినబుద్ధి అయ్యేది కాదు.

అప్పుడు ఎదురు కొట్టాయన, అదే, మా తాత కాళ్లు చూసిన మహానుభావుడు, మామకు కబురు పెట్టాడు. కొట్టు లోపలే చోటిస్తానన్నాడు. నెత్తి మీద ఫ్యాను కూడా ఉందన్నాడు. వచ్చే శుక్రవారం నుంచి వచ్చి కూర్చోమన్నాడు. మామ సరేననలేదు, కాదనలేదు. శుక్రవారం లోపల చెబుతానన్నాడు. మామ అటు పోతే నాయుడుపేట ఆడవాళ్లంతా అటే పోతారని మా కొట్లో బల్లికి కూడా తెలుసు.

నేనిక ఆగలేక అడిగాను. “మామా, నువ్వు మా కొట్లోకే రావచ్చు గదా?”

“పిలవని పేరంటానికి పోయే అలవాటు మా వంశంలో లేదు పాపా. పెద్దాయన ఒక్క మాట పిలిస్తే చాలు, ఫ్యానూ వొద్దు, ఏమీ వొద్దు. ఈ మాట ఆయనతో చెప్పబాక.”

పరిగెత్తుకుంటూ మా తాత దగ్గరికి పోయాను. “తాతా, మిషను మామను లోపలికి పిలువు.”

“ఇన్నేళ్లు నా అరుగు మీద కూచున్నోడు, నోరు తెరిచి అడిగితే కాదంటానామే? అడగడే! మనిషికి అంత బిగువైతే ఎట్టా? ఈ మాట వాడితో అనబాక.”

ఇదీ వరస! ఆయనకు పిలుపు కావాలి, ఈయనకు అడగడం కావాలి. ఇద్దరూ చెప్పొద్దన్నారు. రెండు మాటలూ నా నోట్లోనే కూర్చున్నాయి. పెద్దవాళ్లు తెలివైనవాళ్లని నాకు బళ్లో ఎవరు చెప్పారో గానీ, ఆ సందుకూ కొట్టుకూ మధ్య తిరుగుతున్నప్పుడే నాకు ఆ నమ్మకం పోయింది. ఇంటికొచ్చి మా అవ్వ ఒళ్లో తలపెట్టి భోరున ఏడ్చాను. అవ్వతో చెప్పొద్దని ఎవరూ అనలేదు గనక అంతా చెప్పేశాను.

మా అవ్వ బజారుకు వచ్చే మనిషి కాదు. గురువారం పొద్దున జట్కా కట్టించుకుని కొట్టు ముందు దిగింది. దిగీ దిగగానే మెట్ల దగ్గర నిలబడి, పైట నడుముకు చుట్టుకుంది.

“ఏందయ్యా నీ రోదన? మూడో మెట్టు లేదనా?” అంది.

“యాడ పెట్టమంటావు? బయట పెడితే పగలగొడతా ఉండారు.”

“మూడోది బయటే ఉండాలని ఏ శాస్త్రంలో ఉండాది? గడప లోపల పెట్టు. రెండు బయట ఎక్కితే ఒకటి లోపల ఎక్కుతారు. లాభమే గదా!”

మా తాత నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. “లోపల మెట్టెక్కితే మళ్లీ పరుపు మీదికి దిగాల గదా. ఆ దిగేది నష్టం కాదా?”

“దిగేదాన్ని ఎవురన్నా లెక్కపెడతారా? నీళ్లకు బావిలో దిగుతాం. నష్టమా?”

అవ్వ అక్కడితో ఆగలేదు. గొంతు తగ్గించింది. “పెరట్లో అరుగు రాళ్లు అట్టనే ఉండాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెడల్పుగా పరిపించు. మధ్యన దారి పోను, ఎడమ పక్క ఒక మనిషి కూచునేంత చోటు మిగులుతాది.”

మా తాత మొహం ముడుచుకున్నాడు. “మిషను నూనె...”

“బురద కాళ్లకు లేని మైల మిషను నూనెకు వచ్చినాదా? నిన్ను పరుపెక్కొద్దన్నోడి మీద కోపంతో గదయ్యా ఈ కొట్టు పెట్టినావు! మరి వాడే ఈ పొద్దు సాయిబును లోపలికి రమ్మంటా ఉంటే, నువ్వు గడప బయట నిలబెట్టినావు. వాడికీ నీకూ ఏంది తేడా?”

కొట్లో ఉన్నవాళ్లంతా తానులు చూస్తున్నట్టు నటించారు. నేను మాత్రం మా తాత మొహమే చూశాను. అంత పెద్ద మనిషి కళ్లు తిప్పుకున్నాడు. అవ్వ మళ్లీ జట్కా ఎక్కి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా గడప లోపల రాళ్లు పరిచేశారు. వీధిలోంచి పోయిన అరుగు కొట్లోకి వచ్చింది.

శుక్రవారం పొద్దున, పలకలు తీసి, నీళ్లు చల్లి, సాంబ్రాణి వేసి, మా తాత బయట నిలబడి తనే ఎక్కి చూసుకున్నాడు. లాభం, నష్టం, లాభం. ఆ తర్వాత కొత్త మెట్టును అటూ ఇటూ పరీక్షించి, గొంతు సవరించుకుని నన్ను పిలిచాడు.

“మే, ఇంత మెట్టు ఖాళీగా ఉంటే బాగలేదు. పోయి ఆ సాయిబును వచ్చి కూచోమను. కొట్లోకి రమ్మన్నానని చెప్పబాక. మెట్టు మీదికి రమ్మన్నానని చెప్పు.”

నేను రొప్పుతూ పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పటికే మామ మిషను తల విప్పి సంచిలో పెట్టుకున్నాడు. ఎదురు కొట్టుకో, మా కొట్టుకో నాకు తెలియదు. నా మాట విని, చెవి మీది సుద్దముక్క తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“కొట్లోకి పిలవలేదుగా?”

“లేదు మామా. మెట్టు మీదికే.”

“మెట్టు మీదికైతే వస్తా” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఇద్దరినీ పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది.

ఆ మధ్యాహ్నం పులుసు గిన్నె గడప మీదుగా అందించాల్సిన పని లేకపోయింది. ఇద్దరూ లోపలే, ఒకరు మెట్టు మీద, ఒకరు పరుపు మీద. మా తాత గిన్నె కదిలించి, “మీ అవ్వ మళ్లా మామిడికాయ మర్చిపోయినాది” అన్నాడు. మామ నా వైపు చూసి, తన గిన్నెలోని ముక్క నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఆ మెట్టుకు తట్టుకుని పడనివాళ్లు నెల్లూరులో లేరు. పెళ్లికొడుకులు పడ్డారు, పురోహితులు పడ్డారు, ఒకసారి మునిసిపాలిటీ ఆఫీసరుగారు పడ్డారు. మా తాత లేచి పట్టుకుని, “లాభమేలే సామీ, లాభమే” అనేవాడు. టెరిలిన్ వచ్చింది, నైలాన్ వచ్చింది, మామ ఆ మెట్టు మీదే అన్నీ కుట్టాడు. నూనె చుక్క పడకుండా మా తాతే మిషను కింద గోనెముక్క వేసేవాడు. ఎదురు కొట్టు మూతపడింది. దానికి కారణం మెట్లేనని మా తాత, మిషనని మా అవ్వ, చచ్చేదాకా వాదించుకున్నారు.

మా తాత పోయాక కర్మలన్నీ అయి, కొట్టు మళ్లీ తెరిచిన రోజు మామ లోపలికి రాలేదు. మిషను భుజాన పెట్టుకుని వీధిలో ఎండలో నిలబడ్డాడు. మా నాన్నకు అర్థం కాలేదు. నేనే చెవిలో చెప్పాను. నాన్న గడప దాకా వచ్చి, “మామా, మెట్టు మీదికి రా” అన్నాడు. అప్పుడు వచ్చాడు. ఆ వయసులో, ఆ ఎండలో, ఒక్క పిలుపు కోసం! చూపు ఆనకుండా పోయేదాకా అక్కడే కుట్టాడు.

సోమవారం పొద్దున్నే, నేనిప్పుడు ఉంటున్న నాయుడుపేటలో మొదటి బస్సెక్కి నెల్లూరు వెళ్లాను. కొట్టు ముందు అద్దాల తలుపు. వీధికి ఎన్నిసార్లు తారు పోశారో, బయటి రెండు మెట్లూ మునిగిపోయి రోడ్డూ గడపా ఒకటైపోయాయి. లోపలి మెట్టు మాత్రం అలాగే ఉంది, పైన ఎప్పుడో నున్నటి గ్రానైటు అతికించారు. మేస్త్రీ డ్రిల్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మా వాడికి మొత్తం కథ చెప్పాను. బురద కాళ్లు, అరుగు, పులుసు గిన్నె, అన్నీ. వాడు ఫోన్ చూసుకుంటూ “ఊఁ, ఊఁ” అన్నాడు. చెవిటివాడి ముందు శంఖమే.

“అంతా బాగానే ఉంది గానీ అత్తా, ఇది అడ్డం గదా. పగలగొట్టక తప్పదు.”

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. పైట నడుముకు చుట్టుకున్నాను.

“సరే, పగలగొట్టు. ముందు లెక్కపెట్టు. బయట మెట్లు పోయినాయి. నీ కొట్టుకు మిగిలింది ఈ ఒక్కటే. ఏమవుతుంది?”

వాడు నవ్వాడు. “ఈ రోజుల్లో కూడా ఇవన్నీ నమ్ముతావా అత్తా?”

“నేను నమ్మనులే. లెక్క చెప్పు.”

“...లాభం.”

“తీసేస్తే?”

వాడి నవ్వు ఆగింది. మెట్టు వైపు చూశాడు, అద్దాల తలుపు వైపు చూశాడు. మేస్త్రీ వైపు తిరిగి, “అన్నా, ఆ మెట్టు ఒదిలేయ్. పక్క గోడ చూడు” అన్నాడు. డచ్చివాళ్ల గిడ్డంగి అని రాసిన ఫ్రేము మాత్రం ఎదురు గోడకు వేలాడుతూనే ఉంది. దాన్ని తీయించే ఓపిక నాకు లేదు.

బస్సు ప్రయాణానికి మోకాళ్లు లాగుతున్నాయి. పోయి ఆ మెట్టు మీద, ఎడమ పక్క గోడ దగ్గర కూర్చున్నాను. గ్రానైటు చల్లగా ఉంది.

“అత్తా, ఆడ కాదు. కొట్లోకి కస్టమర్లు వచ్చే దారి. లోపల సోఫాలో కూచో” అన్నాడు వాడు.

“నేను కొట్లోకి రాలేదురా” అన్నాను. “మెట్టు మీదికే వచ్చాను.”